చేతిలో జాగు

ఆ పొద్దున ఆకాశం ఒక తీరున లేదు. తూర్పున మబ్బు విడిపోయి ఎండ పొడుచుకొచ్చేది. అంతలోనే పడమటి కొండల మీదినుంచి బూడిదరంగు మబ్బు వచ్చి కప్పేసేది. వాన లేదు. గాలి మాత్రం ఒకసారి ఇటు, ఒకసారి అటు కొడుతూ ఉంది. ఇట్లాంటి గాలిలో చెట్టెక్కకూడదని మా నాయన చెప్పేవాడు. ఇప్పుడెవరూ ఆ మాట అనరు. పెట్టె ఉంది కదా అంటారు.

దోర్నాల రోడ్డు పక్కన పెద్ద నిద్రగన్నేరు. దాని మీద మా బావ ఈదన్న ఉన్నాడు. రోడ్డు మీదికి వంగిన కొమ్మలు తీసెయ్యాలి. నేను చెట్టు మొదట్లో కూర్చుని పెట్టెకు చక్కెర నీళ్ళు పోస్తున్నాను.

పెట్టె బియ్యం డబ్బా అంత ఉంటుంది. మానుకు పట్టీ వేసి బిగిస్తాం. ఎక్కేవాడి నడుముకు కట్టిన తాడు పైకొమ్మ మీదుగా దిగివచ్చి దీని రెండు రబ్బరు చక్రాల నడుమనుంచి పోతుంది. మనిషి కదిలితే తాడు వదులుతుంది. జారితే బిగిస్తుంది. లోపల గాజుగొట్టంలో చూపుడు వేలంత కండ, దాన్ని అంటిపెట్టుకుని దారాల్లాంటి నరాలు. అది మేకదో గొర్రెదో కాదు. నాది.

"రే అంకా!" బావ పైనుంచి అరిచాడు. "నీ చెయ్యి ఇయ్యాల తాడు ఇడవటంలా. పస్తు పెట్టినావా ఏంది?"

"ఇప్పుడే నీళ్ళు పోసినా బావా."

"నీకంటే అదే నయం. నీకు టీ నీళ్ళు పడితేగానీ కన్ను తెరవ్వు."

కింద కొమ్మలు ఏరుతున్న ఆడవాళ్ళు నవ్వారు. పెట్టె మెల్లగా తాడు వదిలింది. బావ కొమ్మకు అడుగునుంచి మూడోవంతు కోత పెట్టి, తర్వాత పైనుంచి కోశాడు. కొమ్మ బెరడు చీల్చకుండా తెగి పడింది.

అప్పుడు ఫోను మోగింది. కర్నూలు ప్రయోగశాలనుంచి డాక్టరు శేషుకుమారి.

"అంకన్నా, గిద్దలూరులో ఓబులేసు అనే అతను పడ్డాడు. పక్కటెముకలు విరిగాయి. పెట్టె పట్టింది కానీ ఆలస్యంగా పట్టింది. మీరు పోయి చూస్తారా?"

రెండు నెలల్లో ఇది మూడోది.

* * *

పెట్టె సంగతి చెప్పాలంటే మా గూడెం సంగతి చెప్పాలి.

మావాళ్ళు తేనె కోసం కొండ చరియల మీదినుంచి నారతాడుతో దిగేవాళ్ళు. పైన తాడు పట్టేది ఎప్పుడూ బామ్మర్దే. అన్న పట్టడు, తమ్ముడు పట్టడు. అన్నదమ్ముల మధ్య పొలం ఉంటుంది, మాట ఉంటుంది. బామ్మర్ది మటుకు తన అక్క తాళి తెంచడు. అందుకని. తేనె పోయి చెట్లపని వచ్చినా పద్ధతి మారలేదు. మా అక్క పోతమ్మ మొగుడు ఈదన్న చెట్టెక్కుతాడు. పద్దెనిమిదేళ్ళు కింద తాడు నాది. మానుకు ఒక చుట్టు తిప్పి, ఒట్టి చేత్తో పట్టేవాణ్ణి. ఒక్కసారి కూడా బావ బెత్తెడుకు మించి జారలేదు.

ఆ మాట ఎట్లాగో శేషుకుమారి మేడమ్ చెవిన పడింది. ఆమె వచ్చి మూడు రోజులు మా పని చూసింది. "బావ జారకముందే మీ చెయ్యి బిగుస్తోంది. ఎలా తెలుస్తోంది?" అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

మోచేతి కింద వేరుశనగ గింజంత కండ తీశారు. దాన్ని గాజుపాత్రలో పెంచారు. నా చేతికి తీగలు అంటించి ప్రయోగశాల ఆవరణలో ఎనిమిది నెలలు తాడు పట్టించారు. పదకొండుమంది మనుషులు పరుపు మీదికి దూకేవాళ్ళు, నేను పట్టేవాణ్ణి. నా చెయ్యి నేర్చుకున్నదంతా తీగల్లోంచి ఆ కండకు నేర్పారు. అది నేర్చుకుంది. తర్వాత దాన్ని నలభై ముక్కలుగా పెంచి నలభై పెట్టెల్లో పెట్టారు. పెట్టె లేకుండా రోడ్డు చెట్లు ఎక్కకూడదని ఉత్తర్వు వచ్చింది. తాడు పట్టే పని పోయింది నాకు. ఊరూరా తిరిగి పెట్టెల్ని చూసుకునే పని వచ్చింది.

ఆ పదకొండుమందిలో ఒకడు తిరుపాలు.

తిరుపాలు నా చెల్లెలు బయ్యమ్మ మొగుడు. మొగుడు అనడానికి లేదు. ఆరేళ్ళ కిందట దాన్ని వదిలి ఎర్రగొండపాలెంలో వేరే కాపురం పెట్టాడు. మా పద్ధతిలో సంబంధం తెగినవాడి తాడు ముట్టకూడదు. ఏదో సాకు చెప్పి తప్పుకుని ఉండొచ్చు. ఇది కొండ కాదు కదా, ఆవరణ కదా, కింద పరుపు ఉంది కదా అనుకున్నాను. పట్టాను.

* * *

గిద్దలూరు ఆసుపత్రిలో ఓబులేసు మంచం మీద ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. అతని పెళ్ళాం టీ గ్లాసు ఇచ్చింది.

"ఎట్టా జారినావన్నా?"

"అందరూ జారినట్టే జారినా. పాచి మీద కాలు పడింది. తాడు పట్టుద్దిలే అనుకున్నా. పట్టుద్ది, పట్టుద్ది అనుకుంటానే మూరెడు దిగినా. అప్పుడు పట్టింది. కొమ్మ మొద్దు ఇక్కడ తగిలింది." పక్క చూపించాడు. "నీ పెట్టె నిద్రపోతా ఉన్నింది అప్పా."

నేను తాడు అడిగాను. అతని పెళ్ళాం మంచం కిందినుంచి సంచి లాగింది. తాడును అడుగడుగూ అరచేతిలోంచి పోనిచ్చాను. ఇసుక లేదు. తాడును మట్టిలో పడేస్తే ఇసుక పోగుల్లోకి పోయి లోపలినుంచి కోస్తుంది. ఇతను జాగ్రత్త గలవాడు. ముడి చూశాను. ముడి తిరగేసి ఉంది. మెలి ఎడమకు పోయింది.

తలెత్తాను. ఓబులేసు టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు.

మొదట జారినవాడు మార్కాపురం మనిషి. అతని రంపం ఒర కుడి తొడకు ఉండటం చూశాను. ఎడమచేత్తో దూసుకునేవాడే అట్లా కడతాడు. రెండోవాడు నంద్యాలవాడు. గడియారం కుడి మణికట్టుకు పెట్టుకున్నాడు. చూసినప్పుడు ఊరికే చూశాను.

నేను తాడు పట్టిన పదకొండుమందిలో ఎడమచేతివాడు ఒక్కడే, తిరుపాలు. ఎడమ మెలి తగిలితే కండ వాడే అనుకుంటోంది.

"ఏందన్నా, మొగం అట్టా అయిపోయింది?" ఓబులేసు అడిగాడు. "మా ఆవిడ టీ అంత చెడ్డగా ఉందా?"

"ఊర్కో, నువ్వు," అంది ఆమె.

నేను టీ తాగి వచ్చేశాను. మేడమ్‌కు ఫోను చేసి తాడు బాగానే ఉంది, చూస్తున్నాను అన్నాను. అంతకు మించి నోరు రాలేదు.

* * *

మా అక్క కూతురు గంగి ఎడమచేతిది.

అన్నం కుడిచేత్తోనే తింటుంది, వాళ్ళమ్మ కొట్టి మాన్పింది. రంపం మాత్రం ఎడమచేతికే పోతుంది. ఇరవై రెండేళ్ళది. మా జట్టులో చెట్టెక్కే మొదటి ఆడపిల్ల అదే. గురువారం రోడ్డు పని అధికారి ముందు ఎక్కి చూపిస్తే దానికి అనుమతి చీటీ ఇస్తారు.

నేను ఇంటికి పోయేసరికి వాకిట్లో కూర్చుని నడుంపట్టీ కుట్లు ఒక్కొక్కటీ గోటితో లాగి చూస్తోంది. మా బావ పక్కన చుట్ట కాలుస్తూ పాఠం చెబుతున్నాడు.

"ఎక్కేముందు ఏం చూస్తావు?"

"మొదలు చూస్తా. పుట్టగొడుగులు లేస్తే లోపల కుళ్ళినట్టు. చీమలబారు ఏ కొమ్మలోకి దూరతా ఉంటే ఆ కొమ్మ మీద కాలు పెట్టను."

"కొయ్యేటప్పుడు?"

"మానుకు అంటిన కొమ్మ మెడ ఇడిచిపెట్టి కోస్తా. మెడ కోస్తే మానుకు పుండు మానదు. ఎన్నిమార్లు నాయనా! నీ పెండ్లినాడు కూడా మా అమ్మకు ఇదే చెప్పినావంట గదా."

"చెప్పినా. ఇనలా. ఇంటుందా అది!"

లోపలినుంచి అక్క గరిటె కొట్టిన చప్పుడు వినిపించింది.

"మామా, గురువారం నా పెట్టెకు నువ్వే నీళ్ళు పొయ్యాల," అంది గంగి. "చక్కెర ఒక చెంచా ఎక్కువెయ్యి."

వేస్తానన్నాను.

చెప్పడానికి మూడు రోజులున్నాయి. చెబితే నలభై పెట్టెలు ఆగిపోతాయి, నలభై జట్లకు పని ఆగుతుంది. అది ఒకటి. రెండోది, ఎందుకని అడుగుతారు. నా చేతిలో ఒక మనిషిని చంపాలన్న ఆలస్యం ఉందని చెప్పాలి. బెత్తెడు దగ్గర పట్టాల్సిన తాడును మూరెడు దాకా పోనిచ్చానని. నేను కావాలని చేశానా? లేదు. ఎనిమిది నెలలూ సరిగ్గానే పట్టాననుకున్నాను. మేడమ్ యంత్రాలు కూడా ఆ రెప్పపాటును పట్టించుకోలేదు. కండ పట్టించుకుంది.

మూడు రోజులూ నడుస్తూనే ఉన్నాను. తిన్నది గుర్తులేదు.

గురువారం చింతచెట్టు కింద అధికారి కుర్చీలో కూర్చున్నాడు. గంగి హెల్మెట్టు పెట్టుకుని, తాడు తగిలించుకుంది. ముడి ఎడమకు తిప్పి వేసింది. నేను పెట్టె మూత తీసి చూశాను. కండ కదిలింది. తాడు మెలి తగలగానే ముడుచుకోవాల్సింది, ముడుచుకోలేదు. ఒక్క క్షణం ఆగింది. ఎవరో గిట్టని మనిషి గడపలోకి వస్తే మనం ఆగినట్టు.

గంగి మొదటి కొమ్మ దాటింది.

"దిగు!"

"ఏంది మామా?"

"దిగమంటే దిగు!"

తాడును పెట్టెలోంచి లాగి మానుకు చుట్టు తిప్పి నా చేత్తో పట్టుకున్నాను. అది దిగేదాకా వదల్లేదు. అధికారి లేచి నిలబడ్డాడు. బావ నా మొహం చూశాడు.

అందరి ముందూ చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది.

* * *

మేడమ్ నమ్మలేదు. నమ్మకపోవడమే ఆమె పని. తిరుపాలును పిలిపించింది.

ప్రయోగశాల ఆవరణలో పది అడుగుల ఎత్తునుంచి ముందు ఈదన్న దూకాడు. పెట్టె బెత్తెడులో పట్టింది. తర్వాత తిరుపాలు దూకాడు. మూరెడు. మళ్ళీ దూకించారు. మూరెడే.

"ఇప్పుడు పెట్టె తీసేసి అంకన్న పట్టాలి," అంది మేడమ్.

నా చేతికి తీగలు అంటించారు. ఈసారి మనసు పెట్టి పట్టుకున్నాను. పళ్ళు బిగించి పట్టుకున్నాను. తిరుపాలు దూకాడు. మూరెడు జారి ఆగాడు. తాడుకు వేలాడుతూ నా వైపు చూశాడు.

"నాకు అప్పుడే తెల్సు బావా," అన్నాడు. "ఎనిమిది నెల్లూ తెల్సు."

"తెలిసి ఎందుకు దూకినావు?"

"పరుపుంది గదా. కూలి వస్తాంది గదా. నాకు పడాల్సిందేలే అనుకున్నా," అన్నాడు.

మేడమ్ తీగలు గీసిన గీతల ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. పెట్టెల్లోని కండను చంపక్కర్లేదట. నా చేతిలో ఆ జాగు పోతే, కొత్తగా నేర్చుకున్నదాన్ని మళ్ళీ వాటికి నేర్పవచ్చట.

"ఇంకేం, క్షమించేస్తే సరిపోతుంది," అన్నాడు ఆమె దగ్గర పనిచేసే అబ్బాయి. ఆమె వాడివైపు చూసేసరికి ఊరుకున్నాడు.

మరునాటినుంచి మొదలుపెట్టాం. రోజుకు నలభై మార్లు తిరుపాలు దూకేవాడు, నేను పట్టేవాణ్ణి. తెరమీద ఒక గీత. జాగు తగ్గితే గీత కిందికి రావాలి.

రెండో రోజు అడిగింది మేడమ్. "కోపం తగ్గిందా అంకన్నా?"

"తగ్గింది మేడమ్."

"చెయ్యి లేదంటోంది."

నాలుగో రోజు తిరుపాలు నడుం పట్టుకుని కూర్చున్నాడు. "ఇంకా ఎన్నిమార్లు పడేస్తావు బావా?"

"నువ్వు మా బయ్యిని పడేసింది ఒక్కమారే. నూటఅరవై మార్లు పడితే నీకు తెలుస్తాదేమో చూస్తన్నా."

వాడు నవ్వాడు. నేనూ కొంచెం నవ్వాను. ఆ మధ్యాహ్నం ఒకే బండరాయి మీద కూర్చుని బీడీ తాగాం. వాడి ఎర్రగొండపాలెం కాపురం కూడా నిలవలేదట. ఆమె వెళ్ళిపోయిందట. పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది. గీత మాత్రం అక్కడే ఉంది.

నోరు మాట వింటుంది. మనసు కూడా ఎప్పుడో ఒకప్పుడు వింటుంది. చెయ్యి ఎవరి మాట వింటుందో నాకు తెలియలేదు. ఆవరణ చుట్టూ తిరిగేవాణ్ణి. ఆ నలభై పెట్టెలూ ఒక గదిలో వరసగా పెట్టి ఉండేవి. గుమ్మం ముందునుంచి పోతుంటే నలభై చోట్ల నన్ను ఎవరో చూస్తున్నట్టుండేది.

తొమ్మిదో రోజు బయ్యమ్మ వచ్చింది. గంగి తీసుకొచ్చింది. చేతిలో గొడుగు, కొంగు నడుముకు దోపి ఉంది. అంగన్‌వాడీలో పిల్లలకు వంట చేసి నేరుగా బస్సెక్కినట్టుంది.

"మీ ఇద్దరూ నా పేరు చెప్పుకోని ఎగిరి దూకతా ఉండారంట," అంది.

తిరుపాలు తలొంచుకున్నాడు. నేను ఏదో అనబోయాను.

"నువ్వు ఉండన్నా." గొడుగు గోడకు ఆనించి నా దగ్గరికి వచ్చింది. "ఆ తీగలు నాకు పెట్టమను."

"బయ్యీ, ఆడది తాడు పట్టకూడదు."

"తెగినోడి తాడు అన్న పట్టకూడదంట గూడా. పట్టినావు గదా."

మేడమ్ తీగలు అంటించింది. బయ్యమ్మకు ఎట్లా పట్టాలో చెప్పబోతే, "చిన్నప్పటినుంచి చూస్తానే ఉండా," అంది. మానుకు చుట్టు తిప్పి పట్టుకుంది. తిరుపాలు పైకెక్కి నిలబడ్డాడు. దూకడానికి వెనకాడుతున్నాడు. ఎనిమిది నెలల్లో, ఈ తొమ్మిది రోజుల్లో ఎన్నడూ వెనకాడలేదు వాడు.

"దూకు," అంది బయ్యమ్మ.

దూకాడు. మూడు వేళ్ళు. బెత్తెడు కూడా లేదు.

మళ్ళీ దూకాడు. మూడు వేళ్ళే. గీత అడుక్కి పోయింది. ఈదన్నకు నేను పట్టినప్పటికంటే అడుక్కి.

మేడమ్ కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఎలా అమ్మా?"

"తాడు చేతికొస్తే పట్టుకుంటాం. కట్టుకున్నోడెవడని అడిగి పట్టుకుంటామా?" తీగలు తనే పీకేసుకుంది. "నాకు కోపం లేదనుకోబాకండి. ఉండాది. దాని చోటు చెయ్యి గాదు."

మేడమ్ ఆమెను పక్కకు పిలిచి అడిగింది. వేరుశనగ గింజంత కండ ఇస్తే చాలని. బయ్యమ్మ ఆలోచించింది. తేలిగ్గా తీసిపారెయ్యలేదు.

"ఆ డబ్బాలో ఉన్నదానికి నొప్పి తెలుస్తాదా?"

మేడమ్ అబద్ధం చెప్పలేదు. "నాకు తెలియదమ్మా. కోపం తెలుస్తుందనే మొన్నటిదాకా తెలియదు."

"అయితే వద్దులే," అంది బయ్యమ్మ.

* * *

నా గీత దిగలేదు. పెట్టెల్లో నీళ్ళు నేనే తీసేశాను. వేరేవాళ్ళు తియ్యడం ఇష్టం లేకపోయింది. ఒక్కొక్క గొట్టం వంచి పారబోస్తే కండ తెల్లబడి చివర్లో ఒకసారి ముడుచుకునేది. నలభైసార్లు చూశాను. నా చేతికి ఏమీ తెలియలేదు.

రోడ్డు పని పోయింది. ఉత్తర్వు మారేదాకా ఎక్కనివ్వరు. రైతుల తోటల్లో, బడుల ఆవరణల్లో దొరికిన పని చేసుకుంటున్నాం. గంగి ఎక్కుతోంది. దాని తాడు బయ్యమ్మది. గూడెంలో పెద్దవాళ్ళు గొణిగారు. బయ్యమ్మ విననట్టే ఉంది.

పోయిన వారం ఒక రైతు పొలంలో ముసలి వేపచెట్టు. పిడుగు పడి సగం చీలింది. చీలిన కొమ్మ ఎడమవైపు బావిమీదికి వాలి ఉంది. కుడిచేతివాడికి అక్కడ కోత అందదు. గంగికి ఇంకా అంత అనుభవం లేదు. బావ తిరుపాలుకు కబురు పెట్టాడు. నన్ను అడగలేదు.

తిరుపాలు వచ్చి చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కొడవలి వెనకతో మాను కొట్టి విన్నాడు. నడుంపట్టీ బిగించుకున్నాడు. తాడు కొన పట్టుకుని మా అందరి వైపూ చూశాడు. బయ్యమ్మ అక్కడే ఉంది. ఆమె చెయ్యి చాపింది.

వాడు తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బావా, నువ్వు పట్టు."

"తిక్కగాని పట్టిందా నీకు?" అన్నాడు ఈదన్న. "కింద పరుపు లేదురా, బావి ఉండాది."

"తెల్సన్నా. అంకన్నే పట్టాల."

మానుకు చుట్టు తిప్పాను. వాడు ఎక్కాడు. తీగలు లేవు, తెర లేదు, గీత లేదు. తాడు నా అరచేతిలోంచి పైకి పోతూ ఉంటే వాడి ఒక్కో అడుగూ తెలుస్తోంది. ఎడమకాలు ముందు పెడతాడు. ఊపిరి పట్టి, కాలు ఆనాక వదులుతాడు. పద్దెనిమిదేళ్ళు బావ ఊపిరి ఇట్లాగే తెలిసింది. వాడి ఊపిరిని ఇన్నాళ్ళూ వినలేదు నేను.

అడుగుకోత పూర్తయింది. పైకోత సగంలో ఉండగా చీలిన కొమ్మ ఉన్నట్టుండి తెగింది. పోతూ పోతూ వాడి కాలికింద బెరడు ఊడబెరికింది. తిరుపాలు గాలిలోకి పోయాడు. బయ్యమ్మ గొంతు విన్నాను. మాట కాదది.

తాడు అరచేతిలో మండింది.

ఆగింది.

వాడు బావి గోడకు పైన ఊగుతున్నాడు. ఎంత జారాడో నాకు తెలియదు. బెత్తెడో, మూరెడో, మరెంతో. ఎవరూ కొలవలేదు. గంగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. ఈదన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. మెల్లగా దించాను. కాళ్ళు నేలకు తగిలాక వాడు నా చెయ్యి తిప్పి చూశాడు. అరచేతి తోలు అడ్డంగా లేచిపోయి ఉంది. తర్వాత ముడి విప్పుకున్నాడు.

రైతు పెళ్ళాం కళ్ళంలో సంగటి దించింది. బయ్యమ్మ ఆకులు పరిచి, ఐదు ముద్దలు వేసి, గుంటలు చేసి గోంగూర పులుసు పోసింది. ముందు తిరుపాలుకు పెట్టింది, తర్వాత నాకు. కాలిన చేత్తో తినలేకపోతున్నానని చూసి, నా ముద్దను చిన్న చిన్న తునకలు చేసి జరిపింది. వేడికి అరచెయ్యి సలుపుతోంది. తిరుపాలు తలెత్తకుండా తింటున్నాడు. గంగి నీళ్ళ చెంబు వాడి వైపు తోసింది. వాడు తాగి నా వైపు పెట్టాడు. నేను తాగాను. ఆకుల్లో సంగటి అయిపోయేదాకా తిన్నాం.